పుస్తకం మూశాక ఎంత వచ్చింది?

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మెయిన్ సబ్జెక్టు బయోకెమిస్ట్రీ. పరీక్షలకు ఆరు వారాలే ఉంది. ప్రతి చాప్టరూ మూడు నాలుగు సార్లు చదువుతాను, ముఖ్యమైన లైన్లకు హైలైటర్ వేస్తాను. చదివేటప్పుడు అంతా వచ్చేసినట్టే ఉంటుంది. హాల్లో కూర్చున్నాక మాత్రం బుర్ర ఖాళీ అయిపోతుంది. ఇంత మ్యాటర్ బట్టీ పట్టడం నావల్ల కాదేమో అని టెన్షన్‌గా ఉంది. కోర్సు మారిపోవడం మంచిదా?

జవాబు: కోర్సు మారే మాట ఇప్పటికి పక్కన పెట్టండి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే జ్ఞాపకశక్తిని అనుమానించాల్సిన పని కనిపించడం లేదు. ‘చదివేటప్పుడు అంతా వచ్చేసినట్టే ఉంటుంది’ అన్నారే, చిక్కంతా అక్కడే ఉంది. ఒకే పేజీ నాలుగోసారి చదివితే ఎక్కడా ఆగకుండా సాగిపోతుంది. ఆ వాక్యాలు అలవాటైపోయాయి కాబట్టి వచ్చేసిందనే అనుకుంటాం. పరీక్షలో ఆ పేజీ ఎదురుగా ఉండదు, తెల్లకాగితం ఉంటుంది. ఏమీ చూడకుండా దాని మీద రాయడం ఇంట్లో ఎన్నిసార్లు చేశారో ఒకసారి ఆలోచించండి.

2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. ఒక పాఠాన్ని కొందరు నాలుగు విడతలూ చదువుతూనే ఉన్నారు. ఇంకొందరు ఒక్క విడత చదివి, మిగతా మూడు విడతల్లో ఏమీ చూడకుండా గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే లెక్క తిరగబడింది: చదివినవాళ్లకు 40 శాతం గుర్తుంటే, రాసినవాళ్లకు 61 శాతం గుర్తుంది. మొదటి గుంపు ఆ పాఠాన్ని సగటున 14 సార్లు చదివింది, రెండోది మూడు నాలుగు సార్లే. అయినా తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ నమ్మకం పెట్టుకున్నది మొదటి గుంపే. మీ విషయంలో జరుగుతున్నదీ ఇదే.

కాబట్టి ఇకనుంచి చదివే టైమ్ తగ్గించి, గుర్తు తెచ్చుకునే టైమ్ పెంచండి. గ్లైకాలిసిస్‌నే తీసుకోండి, అంటే కణంలో గ్లూకోజు విడిపోయి శక్తి వచ్చే ప్రక్రియ. పది మెట్లు, ఒక్కో మెట్టును నడిపేందుకు ఒక్కోటి చొప్పున పది ఎంజైములు. ఒకసారి శ్రద్ధగా చదివి పుస్తకం మూసేయండి. చిత్తుకాగితం మీద 1 నుంచి 10 దాకా అంకెలు వేసి, పక్కన ఎంజైముల పేర్లు రాయండి. మొదటిసారి నాలుగు వస్తే చాలా ఎక్కువ. రానిచోట వెంటనే పుస్తకం తెరవకండి, ఓ నిమిషం కష్టపడండి. ఆ కష్టపడటంలోనే పని జరుగుతుంది. తర్వాత పుస్తకం చూసి ఖాళీలను ఎర్ర పెన్నుతో నింపండి. మరుసటి రోజు ఎర్రగా ఉన్నవాటితోనే మొదలుపెట్టండి.

అలా రాస్తున్నప్పుడు ప్రతిదానికీ ‘ఎందుకు’ అని అడగండి. ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) ఖర్చయ్యేది 1, 3 మెట్లలో, తయారయ్యేది 7, 10 మెట్లలో. ఆ నాలుగు చోట్లా ఉన్న ఎంజైములు చూడండి: హెక్సోకైనేజ్, ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్, ఫాస్ఫోగ్లిసరేట్ కైనేజ్, పైరువేట్ కైనేజ్. నాలుగూ కైనేజులే, ఎందుకంటే ఏటీపీకీ ఇంకో అణువుకూ మధ్య ఫాస్ఫేటును మార్చడమే కైనేజ్ పని. నాలుగో మెట్టులో ఆరు కార్బన్ల అణువు రెండు ముక్కలవుతుంది కాబట్టి ఆరో మెట్టు నుంచి అన్నీ ఒక్కో గ్లూకోజుకు రెండేసి సార్లు జరుగుతాయి. రెండు ఏటీపీలు ఖర్చు, నాలుగు రాబడి, నికరంగా రెండు. ఇంతవరకూ బట్టీ పట్టాల్సిందేమీ లేదు. ఇలా కారణం పట్టుకుంటూ పోతే నిజంగా కంఠతా పట్టాల్సింది మీరు భయపడుతున్న దానిలో చిన్న భాగమేనని తెలుస్తుంది.

ఆ మిగిలిన భాగానికి మొదటి అక్షరాలతో వాక్యం అల్లుకోవడం, తెలిసిన ఇంట్లో ఒక్కో గదిలో ఒక్కో పేరు పెట్టినట్టు ఊహించుకోవడం లాంటి చిట్కాలు పనికొస్తాయి. వరసలో గుర్తుంచుకోవాల్సిన జాబితాలకు మాత్రమే వాడండి. అర్థం కాని పాఠానికి చిట్కా కడితే పరీక్షలో చిట్కా గుర్తొస్తుంది, జవాబు రాదు.

రెండో సంగతి, వ్యవధి. జర్మనీకి చెందిన హెర్మన్ ఎబింగ్‌హాస్ అర్థంలేని అక్షరాల వరసలను తనే కంఠస్థం చేసి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నాడో కొలిచి 1885లో ప్రచురించాడు. మరుపు మొదటి గంటల్లోనే వేగంగా సాగుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. అందుకే ఒకే రోజు నాలుగు గంటలు కూర్చోవడం కంటే అదే నాలుగు గంటలను నాలుగు రోజులకు పంచుకోవడం మేలు. మీకున్న ఆరు వారాలకు నా సూచన ఇది: ఇవాళ చదివిన పాఠాన్ని రేపు ఒకసారి, నాలుగో రోజు ఒకసారి, పదో రోజు ఒకసారి, మూడు వారాలకు మరోసారి చూడకుండా రాయండి. మొదటిసారికి గంట పట్టింది చివరికి పది నిమిషాల్లో అయిపోతుంది. మధ్యలో కొంత మరిచిపోతారు, కంగారు పడకండి. కొంచెం మరిచిపోయి గుర్తు తెచ్చుకున్నదే గట్టిగా నిలుస్తుంది.

పేర్లు, నిర్వచనాలు చిన్న కార్డుల మీద రాసుకోండి, ముందువైపు ప్రశ్న, వెనక జవాబు. వచ్చినవి వారానికోసారి, రానివి రోజూ. ఫోన్‌లో అయితే అంకీ లాంటి యాప్ ఈ లెక్క తనే చూసుకుంటుంది. కార్డులు మాత్రం మీరే తయారు చేసుకోండి. ఏది ప్రశ్నగా అడగాలో తేల్చుకోవడం కూడా చదువే.

హైలైటర్ వాడటం తప్పేం కాదు, కానీ గీసినంత మాత్రాన రివిజన్ అయిపోయినట్టు లెక్కేసుకోకండి. నిద్ర మాత్రం అస్సలు తగ్గించకండి. పగలు చదివింది స్థిరపడటానికి నిద్ర చాలా అవసరం. పరీక్ష ముందు రాత్రి కొత్త పాఠం మొదలుపెట్టకుండా ఎర్ర పెన్ను కాగితాలు ఒకసారి తిరగేసి పడుకోండి.

ఇక కోర్సు సంగతి. ముందు ఒక్క యూనిట్ మీద రెండు వారాలు ఈ పద్ధతి ప్రయత్నించి, పాత ప్రశ్నపత్రం ముందు పెట్టుకుని, టైమ్ చూసుకుంటూ జవాబులు రాయండి. మార్కులు మీరే వేసుకోండి, లేదా తోటి విద్యార్థితో వేయించండి. మెరుగుపడితే మిగతా యూనిట్లకూ ఇదే పద్ధతి. జవాబులు బాగానే వస్తున్నా సబ్జెక్టు మీద ఆసక్తి ఏమాత్రం కలగకపోతే అది జ్ఞాపకశక్తితో ముడిపెట్టకుండా వేరుగా ఆలోచించాల్సిన విషయం. పరీక్షలయ్యాక, మీకు ఏ పని చేస్తుంటే టైమ్ తెలియదో కూడా చెబుతూ మళ్లీ రాయండి. అప్పుడు కోర్సు మార్పు గురించి వివరంగా మాట్లాడుకుందాం.