ఎవరూ నవ్వకూడదు: 1966 బ్యాట్‌మ్యాన్ మొదటి కథ మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాత టీవీ బ్యాట్‌మ్యాన్ మీదే. ఇప్పటి చీకటి సినిమాల బ్యాట్‌మ్యాన్ కాదు. బూడిదరంగు బిగుతు దుస్తుల మీద పసుపు బెల్టు కట్టుకుని, పట్టపగలు వీధిలో తిరుగుతూ, దొంగని తరిమేటప్పుడు కూడా ట్రాఫిక్ నియమాలు బోధించే ఆడమ్ వెస్ట్ బ్యాట్‌మ్యాన్. పక్కన రాబిన్‌గా బర్ట్ వార్డ్. మొదటి కథలో విలన్ పొడుపుకథలతో సవాలు విసిరే రిడ్లర్, వేసింది ఫ్రాంక్ గోర్షిన్. ఇళ్లలో కలిసి చూసేవాళ్లూ, దాన్నే స్కిట్‌గా వేయబోయేవాళ్లూ అడిగినవి ఇవి.

మొదటి ఎపిసోడ్ చూశాం. రాబిన్ రిడ్లర్ చేతికి చిక్కగానే అయిపోయింది. మా దగ్గరున్న ఫైలు సగమేనా?
(సత్యనారాయణపురం, విజయవాడ)

ఫైలు పూర్తిదే, కథే సగం. అమెరికాలో ఏబీసీ చానెల్ ఈ సిరీస్‌ని వారానికి రెండు రాత్రులు వేసేది. బుధవారం హీరోలు చిక్కుకుంటారు, గురువారం బయటపడతారు. మీరు చూసిన ‘హై డిడిల్ రిడిల్’ 1966 జనవరి 12న వచ్చింది. మర్నాడు వచ్చిన ‘స్మాక్ ఇన్ ద మిడిల్’తో కథ ముగుస్తుంది. పేర్లలో ప్రాస గమనించండి. చాలా జంటలకు ఇలాగే పెట్టారు కాబట్టి ఏ భాగానికి ఏది జతో పేరు చదివితేనే తెలిసిపోతుంది. ఒక్కోటి సుమారు 25 నిమిషాలు. మధ్యలో టీ తాగినా గంటలో అయిపోతుంది. రెండూ ఒకే రోజు చూడండి, కానీ మధ్యలో ఆ విరామం మాత్రం తీయకండి. ‘రేపు ఇదే సమయానికి’ అని ఊరించే గొంతు నిర్మాత విలియం డోజియర్‌ది. ఆ గొంతు ఆగిన వెంటనే రెండో భాగం నొక్కేస్తే ఆయన పడ్డ శ్రమంతా వృథా. మొత్తం 120 ఎపిసోడ్లు. చివరిది 1968 మార్చిలో వచ్చింది. మూడో సీజన్‌కి వారానికి ఒక్క రాత్రే మిగిలింది, ఈ జంటల పద్ధతీ చాలావరకు పోయింది.

రిడ్లర్ స్థావరం వచ్చినప్పుడల్లా బొమ్మ ఓరగా పడుతోంది. ప్రొజెక్టర్ కింద పుస్తకం పెట్టి సరిచేస్తే తర్వాతి సీను ఇంకో వైపు ఒరుగుతోంది. స్టాండు మార్చాలా?
(పటమట, విజయవాడ)

పుస్తకం తీసేయండి. ఒరిగింది అప్పటి కెమెరా. వంకర మనుషుల ఇల్లు కాబట్టి వంకరగానే తీశారు. పోలీసు కమిషనర్ గోర్డన్ గదిలో గోడలు నిటారుగా ఉంటాయి, దొంగల అడ్డాలో అడుగుపెట్టగానే బల్లలూ తలుపులూ పక్కకి వాలతాయి. తప్పు ఎవరిదో తేల్చుకోవాలంటే బొమ్మ లోపలికి కాదు, అంచు వైపు చూడండి. అంచు తెరకి సమాంతరంగా ఉండి లోపలి తలుపు ఒక్కటే ఒరిగితే అది దర్శకుడి పని. అంచే ఒరిగితే స్టాండు పని. పైన వెడల్పు, కింద సన్నం ఉంటే ప్రొజెక్టర్‌లో ‘కీస్టోన్’ అనే సెట్టింగు సరిచేసుకోవాలి.

టీవీ నిండా వచ్చేలా పెడితే అందరూ లావుగా ఉన్నారు. జూమ్ పెడితే తలలు తెగుతున్నాయి.
(లక్ష్మీపురం, గుంటూరు)

దీన్ని 4:3 తెర కోసం తీశారు. ఇప్పటి టీవీ 16:9. సాగదీస్తే మనుషులు మూడోవంతు వెడల్పెక్కుతారు, పుల్లలాంటి గోర్షిన్ కూడా పహిల్వాన్ అవుతాడు. జూమ్ చేస్తే ఎత్తులో నాలుగోవంతు పోతుంది, బ్యాట్‌మ్యాన్ చెవులు అందులోనే పోతాయి. సెట్టింగుల్లో 4:3 గానీ ‘ఒరిజినల్’ గానీ ఎంచుకుని రెండు పక్కలా నల్లపట్టీలు ఉండనివ్వండి. 8 అడుగుల వెడల్పు ప్రొజెక్టర్ బొమ్మలో అసలు బొమ్మకి 6 అడుగులే దక్కుతాయి, అటో అడుగు ఇటో అడుగు ఖాళీ. ఆ అడుగు మీద నల్ల గుడ్డ వేలాడదీస్తే బూడిదరంగు వెలుగు కనపడదు, మధ్యలో రంగులు తేలతాయి.

పనిలో పనిగా టీవీలో మోషన్‌ఫ్లో, ట్రూమోషన్ లాంటి పేర్లతో ఉండే సదుపాయాన్ని ఆపేయండి. సెకనుకి 24 ఫ్రేముల ఫిల్ముని అది నున్నగా సాగదీసి సాయంత్రం సీరియల్‌లా మార్చేస్తుంది. ఈ సిరీస్‌లో చాలావరకు స్టూడియో సెట్లే. ఆ నునుపులో సెట్టు సెట్టులాగే కనపడుతుంది.

బంధువుల ఇంట్లో దొరికిన పాత పాల్ (PAL) వీడియో క్యాసెట్‌లో టైటిల్ సంగీతం సన్నటి గొంతుతో, వేగంగా ఉంది. డిస్కులో అలా లేదు. ఏది అసలు?
(మొగల్రాజపురం, విజయవాడ)

డిస్కే. పాల్ అనే టీవీ పద్ధతిలో సెకనుకి 25 ఫ్రేములు. 24తో తీసిన ఫిల్ముని అలాగే ఎక్కిస్తే 4 శాతం వేగం పెరిగి, 25 నిమిషాలది 24 నిమిషాలకే అయిపోతుంది, శ్రుతి కూడా పైకి పోతుంది. నీల్ హెఫ్టీ కట్టిన ఆ టైటిల్ వరసని కీబోర్డు మీద నేర్చుకునేవాళ్లు క్యాసెట్ పెట్టుకుంటే ముప్పావు మెట్టు తేడా వచ్చి చిక్కుల్లో పడతారు. అమెరికా నుంచి డిస్కు తెప్పించుకునేవాళ్లకి ఒక మాట: డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్లో ఆడుతుందో చెప్పే గుర్తు రీజియన్; మన ప్లేయర్లకి డీవీడీ రీజియన్ 5, బ్లూరే రీజియన్ సి. కవరు వెనక గుర్తు చూసుకునే అడగండి.

కాలేజీ ఫెస్ట్‌కి బ్యాట్‌మ్యాన్, రాబిన్ తాడు పట్టుకుని గోడ ఎక్కే సీను తీయాలి. హాస్టల్ పిట్టగోడకి తాడు కడదామనుకుంటున్నాం. ఎంత లావు తాడు కావాలి?
(ఇంజినీరింగ్ విద్యార్థులు, నల్లపాడు, గుంటూరు)

పిట్టగోడ జోలికి పోకండి. వాళ్లే ఎక్కలేదు. గోడని సెట్‌లో నేలమీద పరిచారు, కెమెరాని 90 డిగ్రీలు తిప్పారు, ఇద్దరూ వంగి తాడు లాగుతూ నేలమీదే నడిచారు. మధ్యలో కిటికీ తెరుచుకుని ఎవరో ప్రముఖులు తల బయటపెట్టి పలకరిస్తారు కదా, ఆ కిటికీలు నేలలో తలుపులు. అలా మొదట తల పెట్టింది హాస్యనటుడు జెర్రీ లూయిస్.

మీ డాబా మీద 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు చోటు చాలు. పాత ఫ్లెక్సీ తిరగేసి ఇటుకలు గీసి పరవండి. ముడతలు రాకుండా అంచులకి టేపు వేయండి, ముడత పడితే ‘గోడ’ ఊగుతుంది. ఫోన్‌ని నడుము ఎత్తులో, పక్క నుంచి చూసేలా స్టాండుకి బిగించండి. సినిమాలా అడ్డంగా రావాల్సిన బొమ్మ కాబట్టి ఫోన్‌ని నిలువుగా పెట్టాలి. నటులు ఎడమ నుంచి కుడికి నడిస్తే, ఎడిటింగ్‌లో వీడియోని అపసవ్యంగా 90 డిగ్రీలు తిప్పండి. కుడి పైకి వెళ్తుంది, నేల కుడిపక్క గోడ అవుతుంది. కుడి నుంచి ఎడమకి నడిస్తే సవ్యంగా తిప్పాలి. ఇది తారుమారైతే మీ హీరోలు గోడ దిగుతారు, అదీ తలకిందులుగా.

నటుల వెనక నీలం గానీ బూడిదరంగు గానీ బట్ట కట్టి తీరాలి. లేకపోతే పక్కింటి నీళ్ల ట్యాంకు పడుకుని కనపడుతుంది.

అసలు గుట్టు బయటపెట్టేది కేప్, అంటే భుజాల నుంచి వెనక వేలాడే గుడ్డ. నిజం బరువు దాన్ని మడమల మీదికి లాగుతుంది. తిప్పిన బొమ్మలో అది గోడకి అంటుకున్నట్టుంటుంది. అది వెనక్కి, అంటే బొమ్మలో కిందికి, వేలాడాలి. అందుకే ఆ సిరీస్‌లో కేపులకి సన్నటి తీగలు కట్టి లాగారు. గాలం వేసే నైలాన్ దారం కేప్ కింది రెండు మూలలకీ కట్టి, ఫ్రేము బయట ఇద్దరు కూర్చుని భుజాల ఎత్తుకి కాస్త దిగువగా పట్టుకోవాలి. గట్టిగా లాగితే ఆరేసిన దుప్పటిలా బిర్రుగా ఉంటుంది, మధ్యలో కొంచెం జారుగా వదలండి. ఎండకి దారం మెరిస్తే విభూతి రాయండి, మెరుపు చచ్చిపోతుంది. సురభి నాటకాలు చూసినవాళ్లకి తీగల సంగతి మేం చెప్పనక్కర్లేదు.

తాడుని ముందు ఏ స్తంభానికో కట్టి ఎప్పుడూ బిగువుగా ఉంచాలి. వదులైతే అది నేలకి సాగుతుంది, చూసేవాడికి తాడు గోడలోకి వంగినట్టు ఉంటుంది. గొలుసులు, వదులు చొక్కాలు, పొడవు జుట్టు కూడా ఇలాగే పట్టిస్తాయి. నడుము వెనక్కి వాల్చి, బరువు మోస్తున్నట్టు ఒక్కో అడుగూ ఆగి వేయాలి. తొందరగా నడిస్తే బస్సు కోసం పోతున్నట్టుంటుంది.

ఇక ఎండ. బొమ్మలో వెలుగు పైనుంచి రావాలంటే నిజంలో అది తాడు కట్టిన వైపు నుంచి రావాలి. ఉదయం ఏడు, ఎనిమిది మధ్య తూర్పుకి నడుస్తూ, కెమెరా దక్షిణాన పెట్టి తీయండి. మిట్టమధ్యాహ్నం తీస్తే సూర్యుడు గోడ పక్కన వేలాడుతున్నట్టు వస్తుంది, పైగా గుంటూరు ఎండలో డాబా మీద ఫ్లెక్సీ కాళ్లకి అంటుకుంటుంది.

కిటికీ కావాలంటే షామియానా వాళ్ల దగ్గర స్టేజీ బల్లలు తెచ్చి, రెంటి మధ్య 2 అడుగుల సందు వదిలి, దానిమీద అట్టతలుపు పెట్టండి. లోపల కూర్చున్న మనిషి తల లేపితే చాలు. టోపీ పెట్టండి, లేకపోతే జుట్టు గోడ వైపు పడుతుంది. నడిచేవాళ్లు ఆ సందుకి అడుగు ఇవతలే ఆగాలి.

కొట్లాటలో దెబ్బ పడినప్పుడల్లా తెర మీద పడే ‘పౌ!’ లాంటి చప్పుళ్ల అక్షరాలు స్టేజీ మీద ఎలా చూపించాలి? స్ప్రే పెయింట్ కొడితే థర్మాకోల్ కరిగిపోయింది.
(అరండల్‌పేట, గుంటూరు)

స్ప్రేలోని ద్రావకం థర్మాకోల్‌ని తినేస్తుంది. రబ్బరు జిగురు కూడా అంతే. నీళ్లతో కలిపే పోస్టర్ రంగులు, ఫెవికాల్ వాడండి. ముందు ఫెవికాల్‌లో నీళ్లు కలిపి ఒక పూత వేసి ఆరనిస్తే రంగు పూసలు పూసలుగా విడిపోదు.

2 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు పలకలు నాలుగు చాలు. ఇంగ్లీషు మాటలెందుకు, మనకి ఢాం, ధన్, ఫట్, దబ్ ఉన్నాయి. ఒత్తులున్న మాటలు మాత్రం వద్దు. కిందా పైనా గుర్తులు చేరితే అసలు అక్షరం చిన్నదైపోయి వెనక వరసకి అందదు. అక్షరం కనీసం 9 అంగుళాలు ఉండాలి. మొదటి సీజన్‌లో ఆ మాటలు కొట్లాట మీదే పడేవి, ఫిల్ము మీద ఫిల్ము కలిపే ఖరీదైన పని అది. తర్వాత ఖర్చు తగ్గించడానికి రంగు కార్డుగా విడిగా చూపించడం మొదలెట్టారు. స్టేజీకి మొదటి పద్ధతే బాగుంటుంది: పలక దెబ్బ కంటే ముందు రాకూడదు, డోలు మీద దెబ్బతో పాటు లేవాలి, ఒకటిన్నర సెకన్లలో దిగిపోవాలి. టీవీలో అరసెకను చాలు, చేత్తో ఎత్తేదానికి చాలదు.

రిహార్సల్‌లో మేమే పడీ పడీ నవ్వుతున్నాం, చూసేవాళ్లు మాత్రం నవ్వడం లేదు.
(డిగ్రీ విద్యార్థినులు, బ్రాడీపేట, గుంటూరు)

ఉన్న నవ్వంతా మీరే ఖర్చు పెట్టేస్తున్నారు. ఆ మొదటి ఎపిసోడ్‌లో నైట్‌క్లబ్ సీను ఇంకోసారి చూడండి. చెవుల ముసుగు, పొడవాటి కేప్ వేసుకొచ్చిన మనిషి, నలుగురి కళ్లలో పడకూడదు కాబట్టి ముందు వరస బల్ల వద్దని బార్ దగ్గర నిలబడతాడు. వెస్ట్ ముఖంలో చిన్న కదలిక కూడా ఉండదు. ఈడు చాలలేదని రాబిన్ బయట కారులోనే ఉండిపోతాడు, అది కూడా ధర్మసూక్ష్మం పాటించినట్టే ఉంటుంది. ఆ హుందాతనంలోనే హాస్యమంతా ఉంది. రిడ్లర్ మాత్రం గెంతొచ్చు, విరగబడి నవ్వొచ్చు. ఆ హక్కు విలన్ ఒక్కడిదే.

వెస్ట్ మాట తీరు కూడా పట్టుకోండి. వాక్యం మధ్యలో, ఆగక్కర్లేని చోట ఆగి, తర్వాతి మూడు మాటలు గబగబా అనేస్తాడు. డైలాగు కాగితం మీద ఆ ఆగే చోట్ల ఎర్రగీతలు పెట్టుకుని, కరెంటు ఆఫీసు నోటీసు చదివినంత సీరియస్‌గా చదవండి. ఎవరికి నవ్వొస్తే వాళ్లు ఒక్క రిహార్సల్ పలకలు మోయాలని పెట్టుకోండి.

రిడ్లర్ పొడుపుకథలు మా నాన్నమ్మకి తెలుగులో చెబితే ఒక్కటీ అతకడం లేదు.
(తాడేపల్లి)

అతకవు. అవి ఇంగ్లీషు మాటల శబ్దం మీద ఆడే ఆటలు. మన ‘తోకలేని పిట్ట తొంభై ఆమడ పోతుంది’ అన్నది బొమ్మ కట్టి చెప్పేది, ఉత్తరం అని తట్టగానే కళ్లముందు కనపడుతుంది. అనువాదం మానేసి, ఆ చోట సమాధానం ఏ చోటుని సూచిస్తుందో ఒక్క ముక్కలో చెప్పేయండి. కథకి కావలసింది అంతే. స్కిట్‌లోనైతే నాన్నమ్మనే అడిగి నాలుగు తెలుగు పొడుపుకథలు రాయించుకోండి.

సిరీస్‌లో గుహలోంచి వచ్చినట్టు, ఉండవల్లి గుహల్లోంచి బ్యాట్‌మ్యాన్ కారు దూసుకొచ్చేలా తీయొచ్చా?
(తాడేపల్లి, మరొకరు)

కూడదు. అది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. సిరీస్‌లో ఆ గుహగా కనపడేది లాస్ ఏంజెలెస్‌లోని బ్రాన్సన్ కాన్యన్ దగ్గరి సొరంగం, కారు 1955 నాటి లింకన్ ఫ్యూచురా నమూనాని జార్జ్ బారిస్ మార్చి కట్టింది. మీకు అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు సరిపోతుంది. గంటకి 10 కిలోమీటర్లు దాటకుండా నడిపి, వీడియో వేగం రెట్టింపు చేయండి. దారిలో మనుషులు ఉంటే చీమల్లా పరుగెడతారు, వాచ్‌మన్‌ని పక్కకి పంపండి.

విరామంలో బ్యాట్‌మ్యాన్ తాగిందే ఇద్దామనుకుంటున్నాం. నైట్‌క్లబ్‌లో ఆయన తాగిందేంటి? తాగాక ఆడే ఆ డాన్స్ ఎలా?
(గవర్నర్‌పేట, విజయవాడ)

నారింజ రసం. అందులో మందు కలిపారని ఆయనకి తెలియదు, ఆ మైకంలోనే బ్యాటూసీ అనే ఆ డాన్స్ ఆడతాడు. చూపుడువేలు, మధ్యవేలు వెడంగా చాపి, ముక్కు దగ్గర మొదలుపెట్టి కంటి మీదుగా చెవి వైపు లాగాలి. ఒకసారి ఒక చేయి, తర్వాత రెండోది. మోకాళ్లు కొద్దిగా వంచి, నడుము పక్కలకి ఊపాలి. ముఖంలో నవ్వు ఉండకూడదని మళ్లీ చెప్పక్కర్లేదు కదా. బత్తాయి రసం వీడియోలో మజ్జిగలా పాలిపోయి కనపడుతుంది, కమలాలు దొరక్కపోతే బత్తాయిలో క్యారెట్ రసం కొంచెం కలపండి. గ్లాసులో సగమే పోయండి, డాన్స్ మొదలయ్యాక మిగతాది కేప్ మీదే పడుతుంది.