గోడ వెనక నీళ్లకు దారి ఉందా?

ప్రశ్న: విశాఖ మధురవాడలో మా స్థలం ఏటవాలుగా ఉంటుంది. వానాకాలం వస్తే పెరటి మట్టి కిందికి జారిపోతోంది. 40 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తున గోడ కట్టిద్దామనుకుంటున్నాం. ఇల్లు కట్టగా మిగిలిన ఎర్ర ఇటుకతో కానిచ్చేద్దామంటారు మావారు. మా అబ్బాయి సిమెంటు బ్లాకులంటాడు, మేస్త్రి కాంక్రీటు అంటాడు. నాకేమో రాతికట్టు ఇష్టం. ఏది మంచిదండీ?
– ఒక పాఠకురాలు

జవాబు: రాతికట్టేనమ్మా. అయితే మీ ఇంట్లో అందరూ గోడను ముందు నుంచే చూస్తున్నారు. అది నిలిచేదీ పడేదీ వెనకవైపు తేలుతుంది.

నేనూ ఒకప్పుడు మీవారిలాగే లెక్కేసినవాణ్ణే. మిగిలిన ఇటుకతో మా పెరట్లో 9 అంగుళాల మందాన 3 అడుగుల గోడ లేపించాను. ముందంతా నున్నగా ప్లాస్టరింగ్. వెనక నీళ్లు బయటికి పోయే పైపులు, ముందు చారలు పడతాయని నేనే వద్దన్నాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. మర్నాడు చూస్తే గోడ విరగలేదు, పగలలేదు. ఉన్నపళంగా బోర్లా పడుకుంది. మల్లెపొద వేళ్లు గాల్లో వేలాడుతున్నాయి. ఇంజనీరుగా పనిచేసినవాడి ఇంటి గోడ కదా, వీధిలో ఎవరూ ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ.

వెనక మట్టి తేమగా ఉన్నప్పుడు 4 అడుగుల గోడ మీద, మీటరు పొడవుకు, సుమారు 450 కిలోల తోపు ఉంటుంది. అదే మట్టిలో నీళ్లు పైదాకా నిలిస్తే అది రెట్టింపు దాటిపోతుంది. ఆ నీటిని బయటికి పంపడానికి పెట్టిన ఖర్చే అసలు ఖర్చు.

ఇటుక మట్టిని ఆనుకుని ఏళ్ల తరబడి నానితే ఉప్పు పూసి, పొరలుగా రాలుతుంది. మీ మిగిలిన ఇటుకలతో తులసికోట కట్టించండి. బోలు బ్లాకులైతే లోపల ఊచలు పెట్టి కాంక్రీటు నింపాలి. ఉత్తినే పేర్చితే లాభం లేదు. గోడ పైవైపు నేల మీద కారు నిలిపినా, ఇంటి పునాది దగ్గరగా ఉన్నా మీ మేస్త్రి మాటే సరైనది. అప్పుడు స్ట్రక్చరల్ ఇంజనీరుతో డిజైను వేయించుకోండి. మల్లె, కరివేపాకులకైతే అంత అక్కర్లేదు.

రాయిలోనూ తేడా ఉంది. మన కొండల్లో దొరికే ఎర్రమచ్చల రాయి, ఖొండలైటు, చవగ్గా వస్తుంది. గట్టిది గట్టిగానే ఉంటుంది, పుచ్చింది మాత్రం గోటితో గీస్తే తెల్లపిండి రాలుతుంది. కోణార్క గుడి శిల్పాలు అరిగిపోతున్నది ఈ జాతి రాయిలోనే. లారీ దింపకముందే నాలుగు రాళ్లు సుత్తితో కొట్టి చూడండి. ఖంగున మోగితే తీసుకోండి, బొద్దుమంటే వెనక్కి పంపండి. నల్లరాయి దొరికితే మరీ మంచిది.

అడుగున రెండున్నర అడుగుల మందం, పైన అడుగున్నర. ముందు ముఖం అడుగు ఎత్తుకు 2 అంగుళాల చొప్పున మట్టివైపు వాలాలి. పునాది గట్టినేల తగిలేదాకా దిగాలి. రెండు ముఖాలూ పేర్చి నడుమ చిప్పరాళ్లు పోసి మూసేస్తారు, ఒప్పుకోకండి; మందమంతా పట్టే పొడవాటి రాయి మధ్యమధ్య అడ్డంగా పడాల్సిందే. కింది నేలకు అరడుగు పైన, 5 అడుగులకొకటి చొప్పున 3 అంగుళాల పైపులు, బయటికి వాలుగా. గోడ వెనక అడుగు వెడల్పున 40 ఎంఎం కంకర, దానికీ మట్టికీ మధ్య నీటిని వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ. తవ్విన ఎర్రమట్టినే గోడకు ఆనించి నింపేస్తానంటాడు మేస్త్రి. ఆ రోజు మాత్రం మీరు కుర్చీ వేసుకుని అక్కడే కూర్చోండి.

ప్రశ్న: పాత రైలు పట్టాల కింది చెక్క స్లీపర్లు చవగ్గా ఇస్తున్నారు. కూరమడి గట్టుకు పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: వద్దండీ. పుచ్చకుండా వాటికి క్రియోసోట్ అనే తారునూనె పట్టిస్తారు. ఎండలో ఆ నల్లటి జిడ్డు వాసన ఇప్పటికీ వస్తుంది, చూడండి. తినే మొక్కల మట్టిలోకి అది దిగడం మంచిది కాదు. అడుగు ఎత్తు గట్టేగా, నాలుగు రాళ్లు పేర్చుకోండి, సిమెంటు కూడా అక్కర్లేదు.