కాలిన మచ్చ మీద మానని పుండు.. ముందు ముక్క పరీక్ష

ప్రశ్న: నా వయసు 54. గడ్చిరోలి జిల్లా సిరొంచ దగ్గర పత్తి, మిర్చి సాగు చేస్తాను. ఎండలో పనిచేసేవాళ్లకు చర్మ క్యాన్సర్ వస్తుందని ఫోన్లో చూశాను. మనలో ఎంతమందికి వస్తుంది? ఏ సన్‌స్క్రీన్ కొనాలి? చిన్నప్పుడు ఎడమ పిక్క కాలింది. ఆ మచ్చ మీద అయిదు నెలలుగా ఒక పుండు మానడం లేదు. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తున్నాను.

జవాబు: అసలు సంగతి మీరు చివర్లో రాశారు. చేత్తో పట్టి చూడకుండా అది క్యాన్సరని నేను అనను, కాదని కూడా అనలేను. కాలిన మచ్చ మీద ఏళ్ల తర్వాత, ఒక్కోసారి ముప్పై ఏళ్ల తర్వాత పుట్టే పుండు క్యాన్సర్‌గా మారవచ్చు. దీన్ని మార్జోలిన్ పుండు అంటాం. అంచులు గట్టిపడి పైకి లేవడం, కాలీఫ్లవర్‌లా కండ పెరగడం, దుర్వాసన, తాకితే రక్తం కారడం, గజ్జల్లో బిళ్ల కట్టడం.. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ వారమే వెళ్లండి. ఏదీ లేకపోయినా, అయిదు నెలలంటే ముక్క పరీక్ష (బయాప్సీ) ఈపాటికే చేయించి ఉండాల్సింది, ఇక ఆలస్యం చేయకండి.

మత్తు సూది ఇచ్చి పుండు అంచు నుంచి రెండు మూడు చోట్ల చిన్న ముక్కలు తీస్తారు. 'కత్తి పెడితే పాకుతుంది' అన్న మాట పట్టించుకోకండి, అది నిజం కాదు. రిపోర్టులో ఏమీ లేదని వచ్చినా పుండు మానకపోతే మళ్లీ తీయించాలి. షుగర్, కాలి ఎక్స్‌రే కూడా చూస్తారు. పుండు చుట్టూ స్పర్శ తెలియకపోతే ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పండి. మీ వైపు కుష్ఠు ఇంకా ఉంది, ఆ పుళ్లకు వైద్యం వేరు.

ఇక ఆ ట్యూబు. షాపులో చేతికిచ్చేవాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రాస్తే ఎరుపు తగ్గుతుంది, మానుతోందనుకుంటాం. నిజానికి గాయం పూడడం ఇంకా ఆలస్యమవుతుంది, లోపల ఏదైనా పెరుగుతుంటే అది ఆగదు. అయిదు నెలలు అదే రాస్తూ కూర్చోవడం ఏం పని చెప్పండి? ఈరోజే ఆపేయండి. పసరు, సున్నం కూడా వద్దు. కాచి చల్లార్చిన నీటితో కడిగి, శుభ్రమైన గాజుగుడ్డ కట్టండి చాలు.

మన దేశంలో మొత్తం క్యాన్సర్లలో చర్మానివి నూటికి ఒకటి రెండుకు మించవు. మన చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎండను చాలావరకు కాచుకుంటుంది. తెల్లవాళ్లు ఎక్కువున్న ఆస్ట్రేలియాలో 70 ఏళ్లు వచ్చేసరికి ముగ్గురిలో ఇద్దరికి ఏదో ఒక చర్మ క్యాన్సర్ బయటపడుతుంది. మనం ఎక్కువగా చూసుకోవాల్సింది పాత మచ్చలు, అరికాళ్లు, గోళ్ల కింద కొత్తగా వచ్చే నల్ల గీతలు. పంచె, చీర ముడి ఏళ్ల తరబడి ఒరుసుకునే నడుము దగ్గరా వస్తుంది. బొంబాయి వైద్యులు ఖానోల్కర్, సూర్యాబాయి 1945లోనే దీన్ని రాశారు. అక్కడ చర్మం నల్లగా మందమైతే ముడి వదులు చేసి, చోటు మార్చాలి.

మీకు సన్‌స్క్రీన్ కన్నా తలపాగా, పొడుగు చేతుల చొక్కా మేలు. మధ్యాహ్నం పదకొండు నుంచి మూడు దాకా నీడలో ఉండండి. కొనాలంటే ఎస్‌పీఎఫ్ 30 ఉన్నది ఏ కంపెనీదైనా సరే, కానీ రెండు గంటలకోసారి రాయాలి, చెమటకు పోతుంది. పుట్టుకతో ఒళ్లంతా తెల్లగా ఉండే ఆల్బినిజం వాళ్లకు మాత్రం అది తప్పనిసరి.

వరంగల్ ఎంజీఎం గానీ నాగపూర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ గానీ, మీకు ఏది వీలైతే అక్కడికి వెళ్లి సర్జరీ విభాగంలో చూపించుకోండి. వాడిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, వెంట తీసుకెళ్లండి.