మామగారి మూడు పెగ్గులు

ప్రశ్న: మాది కరీంనగర్. మా మామగారికి 69 ఏళ్లు. అత్తయ్యగారు పోయి రెండేళ్లయింది. ఆయన రోజూ రాత్రి మూడు పెద్ద పెగ్గుల విస్కీ తీసుకుంటారు. షుగరుకు, బీపీకి మాత్రలు వాడుతున్నారు, పడుకునే ముందు నిద్రమాత్ర కూడా వేసుకుంటారు. పోయిన నెల అర్ధరాత్రి బాత్‌రూములో జారిపడ్డారు. ఏమైనా అంటే ‘ముప్పై ఏళ్లుగా ఇంతే తాగుతున్నాను, ఏనాడైనా తూలానా?’ అంటారు. మావారు తండ్రికి ఎదురు చెప్పలేరు. సీసాలు దాచేయమంటారా, పింఛను పడే ఏటీఎం కార్డు తీసుకోమంటారా?

జవాబు: అమ్మా, మామగారు చెబుతున్నది అబద్ధం కాదు. ఆయన కొలత మారలేదు, మారింది ఆయన శరీరం. వయసు పెరిగేకొద్దీ ఒంట్లో నీటి శాతం, కండ తగ్గుతాయి కనుక, నలభై ఏళ్ల వయసులో తాగినంతే తాగినా ఇప్పుడు రక్తంలో మద్యం మోతాదు ఎక్కువవుతుంది. పైగా మూడు పెద్ద పెగ్గులంటే 180 మిల్లీలీటర్లు, అంటే ఒక క్వార్టర్. అందులో దాదాపు 60 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. ఆయన వయసులో, ఆ మాత్రలతో కలిపి, రోజూ అది చాలా ఎక్కువ.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెడుతున్నది ఆ మాత్రల సంగతే. నిద్రమాత్ర, మద్యం రెండూ మెదడును మందగింపజేసేవే కావడంతో, కలిసినప్పుడు మగత బాగా పెరుగుతుంది, ఊపిరి కూడా నెమ్మదించవచ్చు. షుగరు మాత్రల్లో కొన్నిటితో మద్యం కలిస్తే, ముఖ్యంగా సరిగా భోజనం చేయని రాత్రి, చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. అప్పుడు పట్టే చెమటలు, తడబడే మాట, తూలే నడక చూసి ఇంట్లోవాళ్లు ‘తాగి పడుకున్నారులే’ అని వదిలేస్తారు. దయచేసి మీరు అలా వదిలేయవద్దు. గ్లూకోమీటరుతో వెంటనే చూడండి. 70 కంటే తక్కువగా ఉండి, ఆయన స్పృహలో ఉంటే చక్కెర నీళ్లు తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. నిద్ర కోసం తాగుతున్నానని ఆయన అనుకోవచ్చు గానీ, మద్యం తెచ్చే నిద్ర తెల్లవారుజాముకు ముందే చెదిరిపోతుంది, మూత్రానికి లేపుతుంది. ఆయన పడిపోయింది కూడా అలా లేచినప్పుడే కావచ్చు. బాత్‌రూము దారిలో రాత్రంతా దీపం, గోడకు పట్టుకొనే కడ్డీ ఈ వారమే పెట్టించండి.

సీసాలు మాత్రం దాచవద్దు. ఇన్నేళ్లు రోజూ తాగినవారికి మద్యం ఒక్కసారిగా ఆగితే చేతులు వణకడం, చెమటలు, మూర్ఛ, రెండు మూడు రోజుల్లో మతి తప్పినట్టు మాట్లాడటం వంటివి రావచ్చు, ప్రాణాల మీదికీ రావచ్చు. తగ్గించడమైనా, మానడమైనా డాక్టరు పర్యవేక్షణలోనే జరగాలి. కార్డు తీసుకోవడం కూడా నాకు సమ్మతం కాదు. తన పింఛను తన చేతిలో లేని తండ్రి మీ మాట వినడం అటుంచి, మీకు కనబడకుండా తాగడం నేర్చుకుంటారు.

ఈ మాట కోడలిగా మీరు కాదు, కొడుకుగా మీ భర్తే ఎత్తాలి. అదీ సాయంత్రం గ్లాసు ముందు కాదు, ఉదయం టీ తాగేటప్పుడు. ‘నాన్నా, తాగుడు మానండి’ అనకుండా, ‘మీరు పడిపోయినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు, మాత్రలన్నీ పట్టుకొని ఒకసారి డాక్టరు దగ్గరకు వెళదాం’ అనమనండి. షుగరు చూసే డాక్టరుకు రోజుకు క్వార్టర్ అని ఉన్నదున్నట్టు చెప్పాలి, సిగ్గుపడి సగం చెబితే ఆయన ఇచ్చే మాత్రలే తప్పుతాయి. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యులుంటారు, హైదరాబాదు ఎర్రగడ్డలో మానసిక చికిత్సాలయం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.

ఇక ఆ సాయంత్రాలు. రెండేళ్లుగా ఆయన భోజనం ఒంటరిగా చేస్తున్నారా? మీ ఉత్తరంలో ఆ సంగతి లేదు. అత్తయ్యగారు ఉన్నప్పుడు ఏడింటికి ఆయన ఏం చేసేవారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఎనిమిదింటికల్లా అందరూ కలిసి తినడం, మీ భర్త ఆయనతో కలిసి ఒక అరగంట నడిచి రావడం మొదలుపెట్టండి. మొదటిసారి ఆసుపత్రికి రానంటే రెట్టించకుండా ఊరుకొని, తరువాతి షుగరు పరీక్షనాడు మళ్లీ అడగండి.