మరి మీ కూలి ఎక్కడ రాశారమ్మా?

(చిన్న వ్యాపారాలపై పాఠకుల ప్రశ్నలకు నెల్లూరు జిల్లా పొదలకూరులో నిమ్మకాయ పచ్చళ్ల యూనిట్ నడుపుతున్న అక్క జవాబులు)

ప్రశ్న: అక్కా, మాది ఆత్మకూరు దగ్గర పల్లె. డిగ్రీ చదివాను, పెళ్లయి మూడేళ్లయింది. గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలో నెల రోజుల టైలరింగ్ కోర్సు ఉందని, భోజనం, వసతి అంతా ఉచితమని మా పొదుపు గ్రూపులో చెప్పారు. పదిమందిమి పేర్లు ఇచ్చాం. మా మామగారేమో "ఊళ్లో ఉన్న మిషన్లకే గిరాకీ లేదు, నువ్వు ఎవరికి కుడతావు? ట్రైనింగులతో ఊళ్లు బాగుపడతాయా?" అంటున్నారు. వెళ్లమంటారా?

జవాబు: వెళ్లు తల్లీ. కానీ మీ మామగారి మాట కొట్టిపారేయొద్దు. ఆయన అడిగింది సరైన ప్రశ్నే.

నేను 2012లో ఇలాంటి శిక్షణకే వెళ్లాను. అప్పటికే ఇంట్లో పచ్చడి పెట్టి అమ్ముతున్నా. లాభం వస్తోందనే అనుకుంటున్నా. అక్కడి సారు ఒకరోజు నన్ను బోర్డు దగ్గరికి పిలిచి లెక్క రాయమన్నారు. పది కిలోల నిమ్మకాయలు 300. ఉప్పు, కారం, మెంతులు, నూనె కలిపి 420. పన్నెండు కిలోల పచ్చడి అయింది, కిలో 120 చొప్పున అమ్మితే 1,440. లాభం 720 అని రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను. గ్యాస్ ఎంత అన్నారు. 60 రాశా. డబ్బాలు? 180. ఆటో ఛార్జీలు? 100. ఆ తర్వాత నెమ్మదిగా "మరి మీ కూలి ఎక్కడ రాశారమ్మా?" అన్నారు. నేను, మా తోటికోడలు రెండేసి రోజులు చేసిన పని అది. మా పక్క చేలో కూలికి పోయినా రోజుకు 150 వచ్చేది. 600 రాసేసరికి మొత్తం ఖర్చు 1,660కి చేరింది. అంటే ఒక్కో విడతకు 220 రూపాయలు చేతి నుంచి పెట్టి ఊరికి పచ్చడి తినిపిస్తున్నామన్నమాట. ఆ రాత్రి హాస్టల్లో నాకు నిద్ర పట్టలేదు. పచ్చడి పెట్టడం మా అత్త నేర్పింది, అందులో లోటు లేదు. ఈ లెక్క మాత్రం అంతకుముందు ఎవరూ నేర్పలేదు.

ఇంకోటి చెప్తాను. అక్కడ రింగులాట ఆడిస్తారు. నేలమీద ఒక మేకు, ఎంత దూరం నుంచి వేస్తే అన్ని ఎక్కువ మార్కులు. నేను మేకు పక్కనే నిలబడి అన్నీ వేశా, మార్కులు నాలుగో అయిదో వచ్చాయి. ఒకమ్మాయి గోడ దాకా వెళ్లింది, ఒక్కటీ పడలేదు. మేం నవ్వుకున్నాం కానీ సారు నవ్వలేదు. "మీరు సరుకు కూడా ఇట్లాగే అమ్ముతారా, తెలిసిన నాలుగిళ్లకే?" అన్నారు. నిజమే, మా వీధి దాటి అప్పటిదాకా అడుగు వేయలేదు. మర్నాడు మార్కెట్ సర్వే అని పంపిస్తే నెల్లూరులో పదకొండు కొట్లు తిరిగాను. ఎనిమిది మంది వద్దన్నారు. ఒకాయన మాత్రం "కిలో డబ్బా ఎవరు కొంటారమ్మా, పావుకిలో తెండి" అన్నాడు. నా యూనిట్ ఆ మాట మీదే నిలబడింది.

ఈ ఆట వెనక పెద్ద కథే ఉంది. 1964లో హార్వర్డ్ ప్రొఫెసర్ డేవిడ్ మెక్లెలాండ్, హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ కలిసి మన కాకినాడ వ్యాపారస్తులకు కొద్ది రోజుల శిక్షణ ఇచ్చారు. అప్పు ఇవ్వలేదు, మిషన్లు ఇవ్వలేదు. గురి ఎంత దూరంలో పెట్టుకోవాలి, లెక్క చూసుకుని ఎంత తెగించాలి అన్నదే నేర్పారు. శిక్షణ తీసుకోనివాళ్ల కంటే వీళ్లే ఎక్కువగా కొత్త వ్యాపారాలు మొదలుపెట్టారని, కొత్తగా మనుషుల్ని పనిలో పెట్టుకున్నారని తర్వాత తేలింది. మీ మామగారికి ఇది చెప్పు.

ఇక టైలరింగ్ సంగతి. పదిమందీ అదే ఎందుకు? గ్రూపులో ఒకరు పేరిస్తే అందరం ఇస్తాం, నాకు తెలుసు. దీనివల్ల ఊరికి కొత్తగా రూపాయి రాదు. ఉన్న గిరాకీనే పదిమంది పంచుకుని, కుట్టుకూలి తగ్గించుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా అయిపోతారు. కోర్సు మార్చుకునే ముందు ఒక పని చెయ్యి. మీ ఊరి కొట్లో కూర్చుని వారం రోజులు చూడు. చిక్కీలు, అప్పడాలు, ఫినాయిల్, బడిపిల్లల యూనిఫాం ఎక్కడినుంచి వస్తున్నాయో రాసుకో. బోరు మోటారు కాలిపోతే వైండింగ్‌కు ఎక్కడికి తీసుకుపోతున్నారో అడుగు. అందులో ఊళ్లోనే చేయగలిగేది ఒకటైనా దొరుకుతుంది. ఆ కోర్సు ఉందా అని అడుగు. యూనిఫాం ఆర్డరు చేతికొచ్చేట్టుంటే టైలరింగే నేర్చుకో, తప్పులేదు.

డబ్బుకు మనకు కరువు లేదమ్మా. దూబగుంట ఆడవాళ్ల సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత రోజుకో రూపాయి దాచి పొదుపు గ్రూపులు పెట్టిన జిల్లా మనది. పీఎంఈజీపీ అనే కేంద్ర ప్రభుత్వ స్వయం ఉపాధి పథకం కింద పల్లెల్లో కొత్త యూనిట్ పెట్టే ఆడవాళ్లకు యూనిట్ ఖర్చులో 35 శాతం సబ్సిడీ ఉంది, మనం 5 శాతం పెట్టుకుంటే చాలు. కానీ ఆ సబ్సిడీ చేతికివ్వరు. మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంచి, యూనిట్ నడుస్తుంటేనే అప్పులో జమ చేసుకుంటారు. సబ్సిడీ కోసమని దిగితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. శిక్షణ సంస్థవాళ్లు కోర్సు అయ్యాక రెండేళ్లు వెనకే ఉండి చూడాలన్నది నిబంధన. సిగ్గుపడకుండా ఫోన్ చేసి అడుగు, చాలామంది అడగరు.

ప్రశ్న: మాది ఉదయగిరి. అమ్మ చెక్క స్పూన్లు చేస్తుంది. పని మాకు పుట్టుకతో వచ్చింది, ఇంక శిక్షణ దేనికి మేడం?

జవాబు: చెక్కడానికి అక్కర్లేదు నాయనా, మీ అమ్మ నేర్పినంత ఎవరూ నేర్పలేరు. ఉదయగిరి పనితనానికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా ఉంది. కానీ ధర ఎవరు చెబుతున్నారు? కొనుక్కుపోయేవాడే కదా. ఈసారి అమ్మ ఒక స్పూను మొదలుపెట్టినప్పుడు పక్కన గడియారం పెట్టుకో. చెక్క తేవడం, కొయ్యడం, చెక్కడం, నునుపు పట్టడం, దేనికి ఎన్ని నిమిషాలో రాయి. పగిలిపోయినవాటిని కూడా లెక్కలో వెయ్యి. ఆ కాగితం తీసుకుని శిక్షణకు వెళ్లు, మొదటిరోజే సారుకు చూపించు.