ఆటల మాస్టారు: మరకానాలో ఆ రోజు జరిగింది ఫైనల్ కాదు

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం 1950 బ్రెజిల్ ప్రపంచకప్ ఫుట్‌బాల్ మీదే. రియోలోని మరకానా స్టేడియంలో ఆఖరి మ్యాచ్‌లో ఉరుగ్వే 2-1తో బ్రెజిల్‌ను ఓడించి కప్పు ఎత్తుకుపోయిన ఏడు అది. స్కూల్లో డ్రిల్ మాస్టారుగా పిల్లల చేత ఫుట్‌బాల్ ఆడించినవాణ్ణి, కాబట్టి జవాబుల్లో కాస్త చాదస్తం దొర్లుతుంది. సర్దుకోండి.

ప్రశ్న: మాస్టారూ, 1950లో మనకు ప్రపంచకప్ ఆడే అవకాశం వచ్చినా, బూట్లు లేకుండా ఆడటానికి వీల్లేదన్నందుకే మన జట్టు వెళ్లలేదంటారు. నిజమేనా?

జవాబు: ఎన్నిసార్లు కాదన్నా చావని కబురు ఇది. ముందు మనకు చోటెలా దక్కిందో చెబుతాను. క్వాలిఫయింగ్ పోటీల్లో మనతోపాటు ఉన్న బర్మా, ఇండొనేషియా, ఫిలిప్పీన్స్ మూడూ తప్పుకున్నాయి. ఒక్క మ్యాచ్ ఆడకుండానే మనకు టికెట్ దొరికింది. ఇటలీ, స్వీడన్, పరాగ్వే ఉన్న గ్రూపులో మన పేరు పడింది. ప్రయాణ ఖర్చుల్లో చాలావరకు మేమే పెట్టుకుంటామని బ్రెజిల్ వాళ్లు ముందుకొచ్చారు కూడా. అయినా మన ఫుట్‌బాల్ సమాఖ్య వద్దంది. జట్టు ఎంపికలో పేచీలు, ప్రాక్టీసుకు టైము చాలకపోవడం అప్పట్లో పైకి చెప్పిన కారణాలు. వాటిలో బూట్ల ఊసే లేదు.

అలాగని ఆ కథ గాల్లోంచి పుట్టిందీ కాదు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది ఉత్త కాళ్లతోనే ఆడారు. ఫ్రాన్స్ చేతిలో 2-1తో ఓడారు, అదీ రెండు పెనాల్టీలు చేజార్చుకుని. ఆ ఉత్త కాళ్లు లోకానికి బాగా గుర్తుండిపోయాయి. రెండేళ్లకు మనం బ్రెజిల్ వెళ్లకపోయేసరికి కారణం కింద వాటినే అతికించేశారు. అప్పటి జట్టులో ముఖ్యుడైన శైలెన్ మన్నా చాలా ఏళ్ల తర్వాత ఈ కథను కొట్టిపారేశాడు. ప్రపంచకప్ గురించి మాకు పెద్దగా తెలియదు, మాకు ఒలింపిక్సే సర్వస్వం అన్నాడు. నాకైతే బూట్ల కథ కంటే ఇదే ఎక్కువ బాధ. బూట్లు కొనలేకపోయారంటే పేదరికం అని సరిపెట్టుకుంటాం. చేతికొచ్చిన అవకాశం విలువ తెలియకపోతే ఎవరిని అనాలి?

మనవాళ్లకు బూట్లు తప్పనిసరి అయింది ఆ తర్వాతే. 1952లో హెల్సింకీ చలిలో యుగోస్లావియా 10-1తో చితక్కొట్టాక సమాఖ్యకు తెలివొచ్చింది.

ప్రశ్న: ఆఖరి మ్యాచ్‌లో బ్రెజిల్‌కు డ్రా చాలు అని చదివాను. ఫైనల్లో డ్రా ఏమిటండీ, అచ్చుతప్పా?

జవాబు: అచ్చుతప్పు కాదు. ఆ ప్రపంచకప్‌కు అసలు ఫైనల్ మ్యాచే లేదు. నాలుగు గ్రూపుల విజేతలు మళ్లీ ఒక గ్రూపుగా ఏర్పడి ఒకరితో ఒకరు ఆడాలి, ఎక్కువ పాయింట్లు వచ్చినవారికి కప్పు. అప్పట్లో గెలిస్తే రెండు పాయింట్లు, డ్రా అయితే ఒకటి. బ్రెజిల్ స్వీడన్‌ను 7-1తో, స్పెయిన్‌ను 6-1తో చిత్తు చేసి నాలుగు పాయింట్లతో కూర్చుంది. ఉరుగ్వే మాత్రం స్పెయిన్‌తో 2-2 డ్రా, స్వీడన్‌పై చివర్లో తంటాలు పడి 3-2 గెలుపు, వెరసి మూడు పాయింట్లు. చివరి మ్యాచ్ ఈ రెండింటికే పడటం కేవలం షెడ్యూలు చలవ. అదే రోజు, జులై 16న, సావో పాలోలో స్వీడన్ స్పెయిన్‌ను ఓడించి మూడో స్థానం తీసుకుంది. దాన్ని తలుచుకునే నాథుడే లేడు.

ప్రశ్న: 16 జట్ల టోర్నీలో 13 జట్లే ఎందుకు ఆడాయి?

జవాబు: రానివాళ్ల జాబితా వచ్చినవాళ్ల కంటే సరదాగా ఉంటుంది. బ్రిటిష్ చాంపియన్లమైతేనే వస్తామని స్కాట్లండ్ ముందే శపథం పట్టింది. ఇంగ్లండ్ చేతిలో ఓడి రెండో స్థానంలో నిలిచింది, చోటున్నా మాట మీదే నిలబడింది. టర్కీ తప్పుకుంది. ఖాళీలో ఫ్రాన్స్‌ను పిలిస్తే, ఒక మ్యాచ్ పోర్టో అలెగ్రెలో, మరొకటి దాదాపు మూడు వేల కిలోమీటర్ల దూరంలోని రెసిఫేలో పెట్టారు. మావల్ల కాదంది ఫ్రాన్స్. మన సంగతి పైన చెప్పాను. దాంతో ఒక గ్రూపులో ఉరుగ్వే, బొలీవియా ఇద్దరే మిగిలారు. ఉరుగ్వే 8-0తో ఒక్క మ్యాచ్ గెలిచి తుది గ్రూపులోకి వెళ్లిపోయింది. బ్రెజిల్ అక్కడికి చేరడానికి మూడు ఆడాల్సి వచ్చింది. ఈ అన్యాయం గురించి బ్రెజిల్ వాళ్లు ఎక్కువ గొడవ చేయరు, వాళ్ల గొడవ వేరు.

ప్రశ్న: అమెరికా ఇంగ్లండ్‌ను ఓడించింది అప్పుడేనా?

జవాబు: అప్పుడే. జూన్ 29, బెలో హొరిజోంతె, 1-0. ఇంగ్లండ్‌కు అదే తొలి ప్రపంచకప్. స్టాన్లీ మాథ్యూస్ లాంటి ఆటగాణ్ణి ఆ రోజు ఆడించలేదు, అంత ధీమా. గోల్ కొట్టిన జో గేత్జెన్స్ హైతీ కుర్రాడు, న్యూయార్క్‌లో చదువుకుంటూ రెస్టారెంట్లో గిన్నెలు కడిగేవాడు. 38వ నిమిషంలో తలతో బంతిని తిప్పాడు. 1964లో హైతీలో నియంత డువాలియర్ మనుషులు అతన్ని పట్టుకుపోయారు. మళ్లీ ఎవరికీ కనపడలేదు.

ప్రశ్న: అంత జనం అరుస్తుంటే ఉరుగ్వే వాళ్లకు టెన్షన్ లేదా?

జవాబు: లేకపోవడమేమిటి! మరకానాలో టికెట్ కొన్నవాళ్లే 1,73,850 మంది. మొత్తం రెండు లక్షల దాకా ఉంటారని అంచనా. రెండో సగం మొదలవగానే బ్రెజిల్ ఆటగాడు ఫ్రియాసా గోల్ కొట్టాడు. అప్పుడు ఉరుగ్వే కెప్టెన్ ఒబ్దూలియో వరేలా చేసిన పని చూడండి. వలలోంచి తీసిన బంతిని చంకలో పెట్టుకుని, తాపీగా రిఫరీ దగ్గరికి నడిచి, ఆఫ్‌సైడ్ అంటూ వాదన పెట్టుకున్నాడు. రిఫరీ జార్జ్ రీడర్ ఇంగ్లిష్ వాడు, ఈయనకు వచ్చింది స్పానిష్. ఒకరి మాట ఒకరికి అర్థం కాదు. గోల్ రద్దు కాదని వరేలాకూ తెలుసు. కానీ ఆ వాదన సాగినంతసేపు బంతి కదల్లేదు, స్టేడియం హోరు చల్లబడింది. కెప్టెన్సీ మీద నేను పిల్లలకు చెప్పిన పాఠాలన్నీ ఆ చంకలో బంతి ముందు దిగదుడుపే.

ప్రశ్న: మా అబ్బాయి గోల్‌కీపర్. బ్రెజిల్ ఓటమికంతా వాళ్ల కీపర్ బర్బోసాదే తప్పని కోచ్ ఉదాహరణగా చెబుతాడట. మీరేమంటారు?

జవాబు: మీ అబ్బాయికి ఈ జవాబు చదివి వినిపించండి. 66వ నిమిషంలో ఉరుగ్వే తరఫున కుడి అంచున ఆడే గీజా, బ్రెజిల్ డిఫెండర్ బిగోజీని దాటి గీత దాకా వచ్చి బంతిని మధ్యలోకి ఇచ్చాడు. స్కియాఫీనో గోల్ చేశాడు. 1-1. 79వ నిమిషంలో మళ్లీ అదే గీజా, అదే కుడి వైపు, అదే బిగోజీ వెనకబడ్డాడు. కీపర్ స్థానంలో మీ అబ్బాయిని నిలబెట్టండి. పదమూడు నిమిషాల కిందట ఇక్కడి నుంచే పాస్ వెళ్లి గోలైంది. బర్బోసా మళ్లీ పాసే వస్తుందనుకుని ఒక అడుగు బయటికి జరిగాడు. గీజా పాస్ ఇవ్వలేదు. కీపర్‌కూ దగ్గరి పోస్టుకూ మధ్య మిగిలిన సందులోకి కింద నుంచి కొట్టాడు.

దగ్గరి పోస్టు కీపర్‌దే, నేనూ అదే నేర్పాను. కానీ ఒకే వైపు నుంచి ఒకే ఆటగాడు రెండుసార్లు ఒంటరిగా దూసుకొస్తే అది కీపర్ ఒక్కడి తప్పెలా అవుతుంది? డ్రా చాలినప్పుడు కూడా ముందుకు ముందుకు పోయింది జట్టంతా. అడగాల్సింది బ్రెజిల్ కోచ్ ఫ్లావియో కోస్టాను.

బ్రెజిల్‌లో అలా అడిగినవాళ్లు తక్కువ. 1993లో జాతీయ జట్టు శిబిరానికి చూసిపోదామని వెళ్తే అపశకునమని బర్బోసాను లోపలికి రానివ్వలేదు. మా దేశంలో అతి పెద్ద శిక్ష ముప్పై ఏళ్లు, నాకు మాత్రం యాభై ఏళ్లు పడింది అని ఆయన వాపోయాడు. 2000లో పోయాడు. మీ అబ్బాయి కోచ్ గారితో మీరే ఒకసారి మాట్లాడండి.

ప్రశ్న: కప్పు ఎవరు అందించారు?

జవాబు: ఫిఫా అధ్యక్షుడు జూల్ రిమే. ఆయన పేరే కప్పుకు 1946లో పెట్టారు. బ్రెజిల్ గెలుస్తుందని పోర్చుగీసులో ప్రసంగం రాసుకుని జేబులో పెట్టుకున్నాడు. తీరా మైదానంలోకి వచ్చేసరికి వేదికా లేదు, గౌరవ వందనమూ లేదు. తొక్కిసలాటలో వరేలాను వెతికి పట్టుకుని, ప్రసంగం లేకుండానే కప్పు చేతిలో పెట్టేశాడు.

ప్రశ్న: బ్రెజిల్ పసుపు జెర్సీకి ఈ ఓటమే కారణమా?

జవాబు: అవును. అప్పటిదాకా తెల్ల జెర్సీ, నీలం కాలరు. అది కలిసిరాలేదని 1953లో ఒక పత్రిక పోటీ పెట్టింది: జెండాలోని నాలుగు రంగులూ ఉండేలా డ్రెస్సు గీయాలి. గెలిచింది ఆల్దీర్ ష్లీ అనే పంతొమ్మిదేళ్ల కుర్రాడు. సొంతూరు ఉరుగ్వే సరిహద్దులో ఉన్న జగ్వారావ్. ఫుట్‌బాల్లో అతని అభిమాన జట్టు ఏదనుకున్నారు? ఉరుగ్వే!