మొదటి సంఘానికి వెళ్తున్న మేనల్లుడికి

ప్రభువునందు ప్రియమైన అబ్బాయికి,

ఒంగోలు నుంచి మీ మావయ్య వందనాలు. కనిగిరి అవతల ఆ పల్లె సంఘం నిన్ను పాస్టర్‌గా పిలిచిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం నాయనా. మొదటి ఆదివారం ఏం వాక్యం చెప్పమంటావు అని అడిగావు. మొదటి ఆదివారం నువ్వేం చెప్పినా వింటారు. ఆరు నెలలు గడిచేసరికి మాత్రం నువ్వెవరి మనిషివో, నీకేం కావాలో ఊరంతా తేల్చేసుకుంటుంది. నేను రాస్తున్నది ఆ సంగతి గురించే.

సంఘానికి జనం దేనికోసం వస్తున్నారు, నువ్వు వాళ్ళని ఏం చూపించి పిలుస్తున్నావు? ముందు ఇది తేల్చుకో. 1876లో, ధాత నామ సంవత్సరంలో మొదలైన ధాత కరువులో మన ఒంగోలు అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు ఏం చేశారో నువ్వు సెమినరీలో చదివే ఉంటావు, అయినా మళ్ళీ చెప్తాను. జనం తిండిలేక అల్లాడుతుంటే ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్ళ పైచిలుకు కాంట్రాక్టు తీసుకుని, వేలమందికి పని ఇచ్చి కూలి ఇప్పించారు. మన బోధకులే మేస్త్రీలు. మధ్యాహ్నం పలుగూ పారా పక్కన పెట్టి కూర్చున్నప్పుడు వాక్యం చెప్పేవాళ్ళు. నమ్మి బాప్తిస్మం ఇమ్మని అడిగినవాళ్ళు కోకొల్లలు. అయినా పదిహేను నెలలపాటు ఆయన ఎవరికీ ఇవ్వనివ్వలేదు. గింజల కోసం వస్తున్నారేమోనన్న అనుమానం ఉన్నంతకాలం ఆ నీళ్ళలోకి దించకూడదని ఆయన పట్టుదల. సాయం ఆగిపోయింది, ఇక నా దగ్గర పనీ లేదు, డబ్బూ లేదు అని కబురు పెట్టాక కూడా వాళ్ళు వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

అందరూ ఆ 2,222 లెక్క చెప్పి చప్పట్లు కొట్టిస్తారు. నువ్వు మాత్రం ఆ పదిహేను నెలలు గుర్తుపెట్టుకో. ఆకలిగా ఉన్నవాడికి అన్నం పెట్టడం మన విధి, అందులో బేరం లేదు. అన్నానికీ బాప్తిస్మానికీ ముడి పెట్టావంటే మాత్రం రెండూ చెడతాయి. మనం మతం మార్చడానికి డబ్బులిస్తామని అనేవాళ్ళు బయట ఎలాగూ ఉన్నారు. వాళ్ళ కోసం కాదు నేను చెప్పేది. సువార్తకి ధర కట్టడం పాపం కాబట్టి చెప్తున్నాను.

ఇప్పటి ధరలు వేరే. నూనె సీసా, ప్రార్థన చేసిన కర్చీఫ్, ఇంత కానుక వేస్తే ఇంత దీవెన. నీ సంఘంలో సగం మంది ఫోన్‌లో రోజూ ఇవే చూస్తారు. వాళ్ళని తిట్టకు. ఆ దైవజనుల పేర్లు కూడా ఎత్తకు. మార్కు సువార్త మొదటి అధ్యాయం నుంచి పదహారో అధ్యాయం దాకా వరసగా, ఒక్క భాగమూ దాటెయ్యకుండా చెప్పు. వరసగా చెప్పే పాస్టరు తనకి నచ్చిన మాటే పట్టుకుని లాగలేడు, సిలువ ఎత్తుకోమన్న మాట వచ్చినప్పుడు చెప్పి తీరాలి. మనం పాపులమని, క్రీస్తు మన బదులు చనిపోయి లేచాడని, మారుమనస్సు పొంది ఆయన్ని నమ్మినవాడికే రక్షణ అని నాలుగు ఆదివారాలు తిన్నగా విన్నవాడికి నూనె సీసా దానంతటదే చిన్నగా కనిపిస్తుంది. పౌలు చెప్పింది నిజమో కాదో లేఖనాల్లో వెతికి చూసుకున్న బెరయ ఊరివాళ్ళలాగా బైబిలు తెరిచి నిన్నే సరిచూసుకోమని చెప్పు. ఎవరైనా లేచి "అయ్యగారూ, ఇక్కడ అలా లేదే" అంటే సంతోషించు.

జబ్బు చేసినవాళ్ళ మీద చేతులుంచి ప్రార్థన చెయ్యి, తప్పకుండా చెయ్యి. దేవుడు ఇప్పటికీ బాగుచేస్తాడు. కానీ బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు మానెయ్యమని పొరపాటున కూడా అనకు. ప్రార్థన అయ్యాక నువ్వే బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్ళు.

డబ్బు దగ్గర చాలా జాగ్రత్త. ఆ ఊళ్ళో సగం కుటుంబాలు బెంగుళూరు, హైదరాబాదు పనులకి వెళ్ళి వస్తుంటాయి. ఉన్నవాళ్ళలో ముసలమ్మలు ఎక్కువ. ఆరాధన అయ్యాక కానుకల సంచి బోర్లిస్తే చూస్తావు. నాలుగు మడతలు పెట్టిన పది రూపాయల నోట్లు, చీర కొంగు ముడిలో ఉండి ఉండి మెత్తబడిపోయినవి. పక్కనే గిన్నెలో పిడికెడు బియ్యం కానుక. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక పిడికెడు తీసి పక్కన పెట్టిన బియ్యం అవి. వాటిని నువ్వు ఒక్కడివే లెక్కపెట్టకు. ఇద్దరు పెద్దలు లెక్కపెట్టి, పుస్తకంలో రాసి, సంతకాలు పెట్టి, వచ్చే ఆదివారం అందరి ముందూ చదవాలి. పౌలు కూడా చందా డబ్బు ఒక్కడే మోసుకెళ్ళలేదు, రెండో కొరింథీ ఎనిమిదో అధ్యాయం చూడు.

ప్రభుత్వం పాస్టర్లకి నెలకి ఐదు వేలు గౌరవ వేతనం ఇస్తోంది కదా, అప్లై చెయ్యమని స్నేహితులు చెప్తారు. నా మాట అడిగితే వద్దంటాను. మనం బాప్టిస్టులం. సర్కారు సంఘాన్ని పోషించకూడదు, సంఘం సర్కారుకి భజన చెయ్యకూడదు అని మనవాళ్ళు మొదటినుంచీ నమ్మారు. ఐదు వేలు పుచ్చుకున్న నోరు రేపు తప్పుని తప్పు అనడానికి ఒక్క క్షణమైనా తడబడుతుంది. తీసుకుంటున్న పాస్టర్లని మాత్రం తక్కువగా చూడకు. చాలామందికి ఇంట్లో పొయ్యి వెలిగేది దాంతోనే.

ఎన్నికలప్పుడు ఇంకో రకం. మైకు సెట్టు కొనిస్తాం, ప్రహరీ కట్టిస్తాం, ఆదివారం రెండు నిమిషాలు మాట్లాడనివ్వండి అంటూ వస్తారు. కుర్చీ వేసి కూర్చోబెట్టు, మంచినీళ్ళివ్వు, వాళ్ళ కోసం పేరు పెట్టి ప్రార్థన చెయ్యి. మొదటి తిమోతి రెండో అధ్యాయం అదే చెప్తుంది. వాక్యం చెప్పే పుల్పిట్ మాత్రం ఇవ్వకు. ఏ పార్టీకైనా ఇదే మాట. ఓటుకి డబ్బు తీసుకోవడం పాపమని మటుకు గట్టిగా చెప్పు, ఎవరికి కోపం వచ్చినా సరే.

అన్నిటికంటే కష్టమైనది కుల సర్టిఫికెట్ సంగతి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాదు. 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని చేర్చారు, మనల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన దళితులకి బీసీ-సీ అనే వెనుకబడిన తరగతి కింద ఒక్క శాతం రిజర్వేషన్ ఉంది. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన పల్లెలో అంటరానితనం పోలేదు కదా, ఈ చట్టం న్యాయం కాదనే నా అభిప్రాయం. దాన్ని మార్చమని అర్జీలు పెట్టాలి, కోర్టులో అడగాలి. అంతమాత్రాన కాగితం మీద హిందువునని రాసి, ఆదివారం రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గరికి రావడం ఒప్పు అయిపోదు. అబద్ధం అబద్ధమే. నీ పిల్లలకి బీసీ-సీ సర్టిఫికెట్టే తీసుకో, నష్టం వచ్చినా సరే. అప్పుడే నీకు మాట్లాడే హక్కు వస్తుంది. పిల్లాడి ఫీజు కోసం సంతకం పెట్టిన తల్లిని పుల్పిట్ మీదనుంచి ఎండగట్టకు. ఇంటికి వెళ్ళి, కూర్చుని, ఆమె గోడు మొత్తం విన్న తర్వాత వాక్యం ఏమంటుందో చెప్పు. ఫీజు కట్టడానికి సంఘం ఎంత ఇవ్వగలదో కూడా అదే రోజు చెప్పగలిగితే మంచిది.

కులం సంగతి దీనికి అతుక్కునే ఉంటుంది. మాల సంఘం, మాదిగ సంఘం అని పక్కపక్కనే రెండు గోడలు లేచిన ఊళ్ళు మన జిల్లాలో నీకు తెలియనివి కావు. మాదిగలని సంఘంలో చేర్చుకుంటే మా పిల్లల్ని మీ బడికి పంపం అని ఒంగోలు పెద్దకులాలవాళ్ళు బెదిరించినా క్లౌ దొరగారు చేర్చుకున్నారు, బడి ఖాళీ అయినా లెక్కచెయ్యలేదు. నువ్వు రెండు పల్లెల్లోనూ భోంచెయ్యి. పెళ్ళి సంబంధాలు మాట్లాడేటప్పుడు "ఏమిట్లు?" అని కులం అడిగే మాట నీ నోటివెంట రాకూడదు.

స్త్రీలు పాస్టర్లు కావచ్చా అని సెమినరీ కుర్రాళ్ళు నిన్ను లాగుతారు. కాపరి బాధ్యత పురుషుడిదే అని వాక్యం చెప్తుందని నేను నమ్ముతాను, ఆ నమ్మకం మార్చుకోను. అలాగని ఆడవాళ్ళని చాపలు పరచడానికే పరిమితం చెయ్యకు. 1854 జనవరి 1 తెల్లవారుజామున మన ఒంగోలు కొండ మీద క్లౌ దొరగారికి ముందు వచ్చిన మిషనరీ జ్యూవెట్ దొరగారితో కలిపి ప్రార్థించింది ఐదుగురే, అందులో ముగ్గురు ఆడవాళ్ళు. స్త్రీల సమాజానికి బైబిలు నేర్పే పని మీ ఆవిడకీ, చదువొచ్చిన ఇంకో ఇద్దరికీ అప్పగించు.

చివరిగా పెళ్ళిళ్ళు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్స్ చేతికొచ్చేదాకా ఎవరు బతిమాలినా పెళ్ళి చెయ్యకు, లైసెన్స్ ఉన్న పెద్ద పాస్టర్‌ని పిలిపించు. అమ్మాయికి పద్దెనిమిది, అబ్బాయికి ఇరవై ఒకటి నిండాయో లేదో ఆధార్‌తో పాటు స్కూలు కాగితంలో కూడా చూడు. ఆ చుట్టుపక్కల తొందరపెట్టేవాళ్ళు ఎక్కువ. మీ అత్తయ్య, నేను వచ్చే నెల రెండో ఆదివారం వస్తాం. కానుకల పుస్తకం అప్పటికి మొదలుపెట్టి ఉంచు, చూస్తాను.

మీ మావయ్య